ఆంటీ తెరిచి ఉంచిన రికార్డు

ఆంటీ ఆ మాట అప్పుడే చెప్పింది. విననిది నేనే.

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్లకు భోజనాలు పంపే చిన్న ఆఫీసు మాది. యూనివర్సిటీలో చదువు ముగించి, ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ తెచ్చుకున్నాక నాకు దొరికిన మొదటి మంచి ఉద్యోగం. అక్కడి కంప్యూటర్లన్నిటికీ నేనొక్కడినే దిక్కు. ఆంటీది గుంటూరు వైపు. నాకంటే ఎంతో ముందునుంచీ అక్కడ పనిచేస్తోంది. రోజూ పొద్దున్నే ముసలివాళ్లకు ఫోన్ చేసి, ఏం తింటారో, ఒంట్లో ఎలా ఉందో కనుక్కుని, ఎవరి రికార్డులో వాళ్ల సంగతి టైప్ చేయడం ఆవిడ పని. ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడేది. అంతసేపూ ఆ రికార్డు తెరిచే ఉండేది.

మా డేటాబేస్ పాతకాలపుది. సర్వర్‌లో ఒకే ఫైలు, దాన్ని ఏడుగురం ఒకేసారి వాడేవాళ్లం. ఒకరు మారుస్తున్న రికార్డును ఇంకొకరు కదపకుండా దానికి తాళం పడుతుంది. అది ఉండాల్సిందే. ఆ వానాకాలం మాత్రం అందరికీ ఊరికూరికే తాళాలు పడసాగాయి. ఎవరు ఏం మార్చబోయినా 'వేరొకరు వాడుతున్నారు' అని మెసేజ్. వంటగదికి లిస్టు వెళ్లదు, వ్యాన్లు కదలవు. మేనేజరు వచ్చి నా టేబుల్ దగ్గర నిలబడేది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఒకరోజు మెసేజ్ రాగానే లేచి అందరి తెరలూ చూసుకుంటూ వెళ్లాను. ఆంటీ దగ్గర ఒక రికార్డు సగం టైప్ చేసి ఉంది. ఆవిడ ఫోన్లో ఎవరో పెద్దాయనతో ఆయన కుక్క గురించి మాట్లాడుతోంది. ఆవిడ చేత ఆ రికార్డు మూయించాను. అందరి తాళాలూ ఊడిపోయాయి. ఇంకేం, దొంగ దొరికినట్టే రెచ్చిపోయాను.

"ఇట్లయితే ఎట్లా ఆంటీ? మీ ఒక్కరి వల్ల హోల్ ఆఫీస్ స్టక్ అయితుంది."

"నేను తెరిచింది ఈయన ఒక్కడిదే గదా అబ్బాయ్. వాళ్లు మార్చేది ఆ పక్క పేర్లు. దీనికీ దానికీ ఏంది సంబంధం?"

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఉంటే అప్పుడే తేలిపోయేది. "టెక్నికల్ ఇష్యూస్ మీకు తెల్వయ్, ప్లీజ్" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? తాళాలన్నీ ఆంటీ వల్లేనని ఇంగ్లీషులో మేనేజరుకు, అందరూ వినేలా చెప్పాను.

మర్నాడు ఆంటీ మానిటర్ అంచున పసుపు చీటీ ఒకటి అతికించి ఉంది, తెలుగులో: 'వెంటనే మూసెయ్యాలి.' ఆవిడ ఫోన్లు రెండేసి నిమిషాలకు తగ్గిపోయాయి.

తాళాలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. వానలు వెనకబట్టాక, అన్నయ్య గృహప్రవేశానికని వారం సెలవు పెట్టి సిడ్నీలో స్కోఫీల్డ్స్ వెళ్లాను. తిరిగొచ్చిన రోజు మేనేజరు నవ్వుతూ, నువ్వు లేని వారమంతా ఒక్క తాళమూ పడలేదంది. నాకు నవ్వు రాలేదు. వెళ్లి నా కంప్యూటర్లో సెట్టింగులు చూశాను. మా సాఫ్ట్‌వేర్‌లో పొద్దున ఫైలును మొదట తెరిచినవాళ్ల సెట్టింగే అందరికీ వర్తిస్తుంది. బ్యాకప్ కోసం రోజూ మొదట తెరిచేది నేను. వానాకాలం ముందు తెచ్చుకున్న నా కొత్త కంప్యూటర్లో ఒక టిక్కు పెట్టడం మరిచాను. అది లేకపోతే ఎవరు ఏ రికార్డు మార్చినా దాని ఇరుగుపొరుగు రికార్డులకు కూడా తాళం పడుతుంది. ఆంటీ అడిగింది సరిగ్గా అదే.

టిక్కు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది వట్టి సాకు. సిగ్గుపడ్డాను, అంతే.

మరుసటి ఏడు ఆంటీ రిటైరై మెల్‌బోర్న్ వైపు పాయింట్ కుక్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేరోజు అందరికీ థాంక్స్ చెప్పి, నా కంప్యూటర్ పనితో మిమ్మల్నందరినీ ఇబ్బంది పెట్టాను, సారీ అంది. నేను గోడ పక్కన నిలబడి కేకు నములుతూ ఉండిపోయాను.

ఈమధ్య ఆ పాత డేటాబేస్‌ను కొత్తదాంట్లోకి మారుస్తూ ఆంటీ రాసిన నోట్సన్నీ చదివాను. చీటీకి ముందు: మోకాలు కాస్త నయం. కుక్క తిండి ముట్టడం లేదట. కూతురు ఆదివారం ఫోన్ చేయలేదని దిగులు. చీటీ తర్వాత: ఫోన్ చేశాను, బాగున్నారు. ఫోన్ చేశాను, బాగున్నారు. పేజీలకు పేజీలు అదే. ఎంత పని చేశానో అప్పుడు గాని నాకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ఆంటీకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

"ఇప్పుడా అబ్బాయ్ చెప్పేది? ఆ కుక్క బతికిందో లేదో మళ్లీ అడగనే లేదు నేను, టయం పడుద్దని. ఆయన ఎట్టా ఉన్నాడు ఇప్పుడు?"

ఆయన రికార్డు నా ఎదుటే తెరిచి ఉంది. పోయిన వానల్లోనే ఆయనకు భోజనం ఆపేశాం. ఆయన లేరు. ఈసారి దాచకుండా చెప్పాను.

చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు.