పరాయివాడు కూర్చుంటేగానీ ముద్ద దిగని ఇల్లు

మా పక్కింటి మామ పోయాడు. పోయిన గురువారం పొద్దున చెత్తడబ్బా వీధిలో పెట్టడానికి వెళ్ళి అక్కడే కూలిపోయాడు. శుక్రవారం మట్టిచేశాం. ఈ పరాయి దేశంలో, మన పేట టార్నీట్‌లో ఉన్న మీలో చాలామంది ఆయన ఇంట్లో తిన్నవాళ్ళే కాబట్టి, పదో తరగతి తప్పినవాడి రాతైనా ఓపిగ్గా చదవండి.

ఆయన సాయిబు, నేను కాదు. మా సీమలో వరసలకు అది అడ్డం రాదు.

వాళ్ళ ఊరి దర్గాలో ఉన్న బాబా సుల్తానుల కాలం నాటి ఫకీరు. పక్కన ఒక పరాయివాడు కూర్చుంటేగానీ ముద్ద ఎత్తేవాడు కాదట. ఒక కరువు ఏడు ఎవరూ దొరక్క, తన గుడిసెకు నిప్పు పెట్టినవాణ్ణే చెయ్యి పట్టుకొని తెచ్చుకున్నాడట. ఊరివాళ్ళు తిడితే, “వానికి నామీద కోపం. వాని కడుపుకు లేదు కదా” అన్నాడట.

“మహిమలేమీ లేవా మామా?” అని గిల్లేవాణ్ణి.

“నీళ్ళమీద పురుగు గూడా నడుస్తాదిరా. తనను కాల్చినోనికి కూడు పెట్టమను, చూస్తాం.”

మామ ఇంట్లోనూ రాత్రి భోజనానికి అదే నియమం. కొత్తగా దిగిన స్టూడెంట్లను స్టేషన్ నుంచి పట్టుకొచ్చేవాడు. ఎవరూ దొరకనిరోజు కంచె మీదుగా నాకు పిలుపు. ఒకసారి గొంతు మార్చి, “మేట్, పార్సిల్!” అని బెల్లు కొట్టాను. “పార్సిల్ ఆడ పెట్టి చెయ్యి కడుక్కో నాయనా,” అన్నాడు లోపల్నుంచి. తలుపు తీసి నన్ను చూసి, “థూ, నువ్వా! సరే, దొంగకూ ఆకలయితాది. రా.”

మట్టిచేసిన మర్నాడు డార్విన్‌లో నర్సుగా చేసే వాళ్ళమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. “అన్నా, అమ్మ ఏం తినట్లేదు. షుగర్ ఉంది, టాబ్లెట్స్ వేసుకోవాలి. ఐ యామ్ స్కేర్డ్. బయటోళ్ళు కూర్చోకుండా ఎట్ల తినేది అంటాంది.”

వచ్చినవాళ్ళందరూ గిన్నెలు పెట్టి వెళ్ళిపోయారు. చావింట్లో తినకూడదని మనవాళ్ళు. దుఃఖంలో ఉన్నవాళ్ళ కూడు మనం తినకూడదని వాళ్ళవాళ్ళు. అందరిదీ మర్యాదే. ఆ మర్యాద మధ్య అత్త ఎండిపోతోంది.

చావింట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదని పెరిగినవాణ్ణి. వెళ్ళి కూర్చున్నాను.

“అత్తా, ఆకలయితాంది.”

“చావిల్లు నాయనా. మీవాళ్ళేమంటారో.”

“నన్ను అనాల్సినవన్నీ ఎప్పుడో అనేసినార్లే. పెట్టు.”

పెట్టింది. నేను తినడం చూసి తనూ కూర్చుంది. కలిపిన ముద్ద నోటిదాకా తెచ్చి చాలాసేపు ఆగింది. నేను తలెత్తలేదు. కాసేపటికి నా కంచంలోకి ఇంకొంచెం అన్నం పడింది. అత్త ఎడంచేత్తో వడ్డిస్తోంది. కుడిచేతిలో ముద్ద లేదు, వేళ్ళకు మెతుకులు అంటుకొని ఉన్నాయి.