ఏడు పిల్లలంది అమ్మ

దెయ్యాలనీ పూనకాలనీ నేను ఏనాడూ నమ్మలేదు. జువాలజీలో పీజీ చేశాను. మా కొండ మీద అంత చదివిన మొదటి ఆడపిల్లని. అందుకే ఇది చెప్పడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

రెండేళ్ల కిందట, బొర్రా గుహలకి పైనున్న మా ఊళ్లోనే పాముల సర్వేలో చేరాను. మేం వెతికేది కొండల్లో బతికే పింజరి జాతుల్ని. మా వైపు దొరికేది ఆకుపచ్చది. వెదురు పొదల్లో, కాఫీ మొక్కల్లో ఆకుల్లో ఆకులా చుట్టుకుని ఉంటుంది. కంటికీ ముక్కుకీ మధ్యనున్న చిన్న గుంటతో వేడిని పసిగడుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది.

ఒక ఉదయం అలాంటిదాన్ని పట్టి, గుడ్డసంచిలో కట్టి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మా అరుగు మీద ఉంచాం. నమూనా కోసం దాన్ని చంపి స్పిరిట్‌లో పెట్టాలని సర్వే నడిపే సార్ అన్నారు.

అమ్మ అక్కడే కూర్చుని చోళ్లు చెరుగుతోంది. నీటికాసులతో ఆమెకు చూపు పూర్తిగా పోయి అప్పటికి ఆరేళ్లు. అంతకు ముందు చుట్టుపక్కల ఊళ్లకి పురుళ్లు పోసేది.

మా మాటలు విని లేచి వచ్చి, తడుముకుంటూ డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"బాబూ, దీన్ని సంపీకండి. కడుపుతో ఉన్నాది. ఏడు పిల్లలు. ఒకదానికి పేణం లేదు" అంది.

సార్ నవ్వారు. "మూత మీద చెయ్యి పెడితే తెలుస్తుందా అమ్మా?"

"ఎన్ని కడుపులు సూసినాను బాబూ, తెలవదేటి" అని మళ్లీ చేట దగ్గరికి వెళ్లిపోయింది.

పాము సన్నగానే ఉంది. కడుపుతో ఉందని నాకే అనిపించలేదు. అయినా "పది రోజులు ఆగుదాం సార్" అన్నాను. అమ్మని నమ్మి కాదు, నలుగురిలో ఆమె మాట తీసేస్తే చూడలేక. సార్ ఒప్పుకున్నారు. మూతకి గాలికన్నాలు పెట్టి, సంచి విప్పి పాముని ఆ డబ్బాలోనే వదిలాం. ఆ రోజు నుంచి మా బృందంలో వాళ్లు నేను కనబడితే చాలు "ఏడేనా?" అని అడిగేవారు. తల కొట్టేసినట్టుండేది.

"కడుపుతో ఉందని చెప్పి ఊరుకోవచ్చు కదా, ఏడని ఎందుకన్నావు?" అని అమ్మని కసిరాను కూడా.

"ఉన్నన్నే సెప్పినానే గుంటా" అంది.

తొమ్మిదో రోజు పొద్దున్న డబ్బా మూత సారే తీశారు. పలచటి పొరలు చీల్చుకుని బయటికొచ్చిన పిల్లలు ఆరు. ఏడోది పొరలోనే ఉంది, అన్ని అవయవాలూ ఏర్పడి, కదలిక లేకుండా. ఆయన రెండుసార్లు లెక్కపెట్టారు.

తర్వాత లోపలికి వెళ్లి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నారు. "తప్పయిందమ్మా" అన్నారు.

"తల్లి బాగున్నాదా?" అని అడిగింది అమ్మ.

ఆ సాయంత్రం తల్లినీ పిల్లల్నీ, తల్లిని పట్టిన వెదురు పొదలోనే వదిలేశాం.

వాసనా, వేడా, చప్పుడా అని నేను ఆలోచించని దారి లేదు. ఏడు అన్నది ఊహ అనుకున్నా, ఆ చనిపోయినదాని సంగతి ఎలా తెలిసింది? సర్వే పత్రంలో "గుర్తించినవారు" అన్నచోట సార్ పేరుకన్నా ముందు మా అమ్మ పేరు రాశాను. ఆయనే అలా రాయమన్నారు. దాని కిందే "ఎలా గుర్తించారు" అని ఇంకో గడి ఉంది. అందులో ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.