బావుల పుస్తకం ఏ తరగతి?

మొన్న మా మేనకోడలు తన పరిశోధన కోసం ఫోనులో ఏదో వెతుకుతూ, "అత్తా, ఇది మీ లైబ్రరీదే కదూ" అని తెర నా ముందు పెట్టింది. పాతబస్తీ బావుల మీద ఎప్పుడో టైపు చేయించిన పుస్తకం; దాని కింద చిన్న అక్షరాలతో 'సిద్ధాంత గ్రంథం' అని ఉంది. ఆ మాట చూడగానే నా మనసు చివుక్కుమంది. పిల్ల మాత్రం, దొరికిందిగా, ఇంకేం కావాలి అన్నట్టు చూసింది. దొరకడం వేరు, ఫలానాదిగా దొరకడం వేరు అన్న సంగతి, కార్డు మీద ఒక మాట రాసే ముందు కళ్లద్దాలు తుడుచుకుని మరీ ఆలోచించిన మా తరం వాళ్లకి చెప్పనక్కర్లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను మలక్‌పేటలో బస్సెక్కి, నయాపూల్ దగ్గర దిగి, సందుల్లోంచి నడిచి మా చిన్న పరిశోధన గ్రంథాలయానికి చేరేదాన్ని. మాది కోస్తా నుంచి నాన్నగారి ఉద్యోగంతో వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం కనుక, నా 'అండీ'లకి అక్కడ రోజూ వెక్కిరింపే. ఆ రోజుల్లో మా బీరువాల్లో సరుకంతా కంప్యూటరుకి ఎక్కించే పని వచ్చింది. ఎక్కించడమంటే పేర్లు కొట్టేయడం కాదు, రచన అంటే ఏమిటి, ప్రతి అంటే ఏమిటి, సిద్ధాంత గ్రంథం అంటే ఏమిటి అని ఒక్కో తరగతికి ఒక్కో వాక్యంలో యంత్రానికి అర్థమయ్యేలా హద్దులు గీయాలి. దాన్ని ఆంటాలజీ అంటారని మా పెద్ద సారు చెబితే, ఏదో రోగం పేరులా ఉందని నవ్వుకున్నాం.

సారు ఒక పద్ధతి పెట్టారు. వారమంతా రాసిన నిర్వచనాన్ని శనివారం బల్ల మీద పెడితే, తక్కినవాళ్లు తలా ఒక పుస్తకం తెచ్చి, దీన్నెక్కడ పెడతారో చెప్పండని తగువు పెట్టుకోవాలి. నిర్వచనం నిలబడితే చాయ్ సారు ఖర్చు, కూలితే రాసినవాళ్లది. నేను తాగించిన చాయ్‌ల పుణ్యమా అని మూలమీది ఇరానీ హోటలాయన నన్ను చూస్తే చాలు, సలాం చేసేవాడు.

సిద్ధాంత గ్రంథం వంతు నాకొచ్చింది. విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చిన పరిశోధన రచన అని రాసి, ఈసారి గట్టెక్కాననుకున్నాను. ఆ శనివారం మా అక్క, అంటే తోడబుట్టింది కాదు, నా పక్క కుర్చీలో పనిచేసే హుస్సేనీ ఆలం బస్తీ మనిషి, బీరువా దగ్గరికి పోకుండా తన సంచీలోంచి నల్లట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. కోర్టు దగ్గరి టైపిస్టు చేత కొట్టించిందట, ప్రతి పేజీకీ పిటిషనుకి వదిలినంత మార్జిను ఉంది. అది వాళ్లాయన రాసింది. ఆయన బడిపంతులు, సెలవు దొరికితే చాలు, పూడిపోయిన బావులు వెతుక్కుంటూ తిరిగేవారని, రాసింది విశ్వవిద్యాలయానికి సమర్పించే లోపే గుండె ఆగి పోయారని మాకు తెలుసు. ఆ పుస్తకం సంగతి మాత్రం అప్పటిదాకా తెలియదు.

సారు మెత్తని మనిషి. పట్టా వచ్చినా రాకున్నా అని నా వాక్యంలో చేర్చేద్దామన్నారు. అక్క ఒప్పుకోలేదు.

"పట్టా రాలే గద సార్. గట్ల రాస్తే అందరు వచ్చిందనే అనుకుంటరు, ఆయన పేరు మీద అబద్ధం ఎక్కుతది. అట్లని ఉత్త కాయితాల కట్ట అన్నా నేనొప్ప. దీనికోసం మస్తు తిరిగిండు. మరి ఇదేందో మీరే చెప్పున్రి."

ఆ రోజు చాయ్ డబ్బులు నేనే ఇచ్చాను. ఆ వారమంతా బస్సులోనూ, వంటింట్లోనూ నాకదే ఆలోచన. తీరా తట్టింది చాలా మామూలు సంగతి. పెళ్లి కాకముందూ మనిషి మనిషే కదా, పట్టా కూడా పుస్తకానికి జరిగే ఒక ముచ్చటే తప్ప, పుస్తకం ఏమిటో చెప్పేది కాదు. అందుకని ముందు 'పరిశోధన రచన' అని పెద్ద తరగతి పెట్టాను: ఒక ప్రశ్న పట్టుకుని, ఆధారాలు చూపి, జవాబు చెప్పే రచన. పట్టా వచ్చిందా లేదా అన్నది పక్కన వేరే గడి. వచ్చినవాటికే సిద్ధాంత గ్రంథమన్న పేరు.

మరుసటి శనివారం అక్క నా కాగితం తీసుకుని నిదానంగా చదివింది. "ఇగ సరిగున్నది చెల్లె. ఆయనేం జేసిండో గదే రాసినవ్," అంది. బావుల పుస్తకాన్ని తనే కంప్యూటరుకి ఎక్కించి, పట్టా గడిలో 'లేదు' అని తన చేత్తోనే కొట్టింది. నా నిర్వచనం నిలబడ్డా, ఆ రోజు చాయ్ మాత్రం ఆవిడే తెప్పించింది.

ఇప్పుడా గ్రంథాలయం లేదు, అక్కా లేదు. మా సరుకంతా చేతులు మారి మారి, యంత్రమే చూసి యంత్రమే పేరు పెట్టే చోటికి చేరిందట. మందంగా ఉంది, నల్లట్ట ఉంది, కనుక సిద్ధాంత గ్రంథం. సంగతంతా చెప్పి, దిద్దించవే అని మేనకోడలిని అడిగితే, ఎవరికి చెప్పాలత్తా, అక్కడ మనుషులుండరు అంది. పోనీలే, ఆయనకి ఊరికే పట్టా వచ్చింది అని నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆయన వెతికిన బావులన్నీ ఆ తెర మీద ఉన్నాయి. అక్క తన చేత్తో కొట్టిన 'లేదు' మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.