మెట్లబావిలో మా అత్త విన్న మాట

దయ్యాలంటే మా ఇంట్లో అందరికంటే ఎక్కువ నవ్వేదాన్ని నేనే. నాలుగో తరగతితో బడి మానేసినా, కంటితో చూడనిది నమ్మకూడదన్న బుద్ధి మాత్రం ఉండేది. సూరత్ దగ్గరి కిమ్ ఊరు దాటాక ఒక పల్లెలో ఉన్న పాత మెట్లబావి దగ్గర జరిగింది కూడా చూశానని చెప్పలేను. విన్నాను, అంతే.

ముందు మా తప్పు చెప్పాలి. సూరత్‌లో మా ఆయనా, మా మరిది శంకరూ ఒకే షెడ్డులో మగ్గాలు నడిపేవారు. ఎండాకాలంలో శంకర్ కామెర్లు ముదిరి ఆస్పత్రిలో పోయాడు. పెళ్లి కూడా కాలేదు. కరీంనగర్ వైపు మా ఊళ్లో ఉండే అత్త గుండెకు మందులు మింగే మనిషి. "అవ్వ తట్టుకోదు. జర ఆగి నేనే చెప్త" అన్నాడు మా ఆయన. ఇక్కడి మనవాళ్లకు తెలిస్తే గంటలో ఊరికి ఫోన్ పోతుంది. అందుకని షెడ్డులోని ఒరియా వాళ్లు నలుగురితో మోయించి కాల్చేశాం. మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనవి వండి, కాకి ముట్టేదాకా కాచుకోవాలి. దానికి అయినవాళ్లు ఉండాలి కదా, అదీ ఎగ్గొట్టాం. నేనూ ఊఁ అన్నాను.

దసరా ముందు అత్త చెప్పాపెట్టకుండా బస్సు దిగింది. "చిన్నోడేడి?" అంది. కిమ్‌లో కొత్త కార్ఖానాలో చేరాడు, సెలవివ్వరు అన్నాం. ఆరు రోజులు అదే అడిగింది. ఏడో రోజు షెడ్డుకు సెలవు. "నేనే పోత, తొవ్వ చెప్పుండ్రి" అని కొంగు బిగించింది.

తప్పక రైల్లో కిమ్ తీసుకుపోయాం. దిగగానే చెప్పేస్తానన్న మా ఆయన ధైర్యం చాలక, షేర్ ఆటో ఎక్కించి ఈ బావి దగ్గర దింపాడు. "గీడ జరసేపు చూద్దామే అవ్వా. రాజుల కాలంది."

పట్టపగలు. ఫొటోలు దిగే జంటలు, పల్లీలమ్మే ఆమె, గుజరాతీలో రాసిన నీలం బోర్డు. ఐదంతస్తుల లోతుకు మెట్లు, ముక్కులు అరిగిన రాతిబొమ్మలు, అడుగున పచ్చటి నీళ్లు.

"కడివెడు నీళ్లకు గిన్ని మెట్లా? గీ రాజుకు కోడండ్ల మీద మస్తు కోపమున్నట్టున్నది" అంది అత్త. నవ్వాం. ముగ్గురం కలిసి నవ్వింది అదే ఆఖరు.

మోకాళ్ల నొప్పుల మనిషి, వద్దన్నా ఒక్కతే దిగింది. మేం పైన కూర్చుని ఎట్లా చెప్పాలా అని గొణుక్కుంటున్నాం. కింది నుంచి ఆమె గొంతు వినబడింది. వంగి చూస్తే రెండో అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చుంది. పక్కన ఎవరూ లేరు. మాట్లాడుతోంది, ఆగుతోంది, తలూపుతోంది. ఎవరైనా చెబుతుంటే వింటామే, అట్లా.

పైకొచ్చి నా ముందు నిలబడింది. కళ్లలో నీళ్లు లేవు.

"పిట్టకు గూడ పెట్టకపోతిరా?"

మా ఆయన లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అవ్వా, ఎవలు చెప్పిండ్రు నీకు?"

ఆమె నన్నే చూస్తోంది. "సర్వపిండి అడిగితే వదిన రేపు చేస్తనన్నదట. నాకు రేపు లేకపాయెనే అవ్వా అంటున్నడు."

శంకర్ నన్ను సర్వపిండి రొట్టె అడిగింది పోయే ముందటి సాయంత్రం. మా ఆయన షెడ్డులో ఉన్నాడు. ఆస్పత్రిలో మంచం పక్కన నేనొక్కదాన్నే. డాక్టరు నూనె వద్దన్నాడు, నాకూ ఒళ్లు అలిసింది, రేపు చేస్తానన్నాను. ఆ సంగతి సిగ్గుతో మా ఆయనకు కూడా చెప్పలేదు.

చావు కబురు ఎవరో చేరవేసి ఉంటారని ఆయన అంటాడు. కావచ్చు. సర్వపిండి మాట ఎట్లా చేరిందో మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అత్త మా ఇంట్లో మంచినీళ్లు ముట్టకుండా ఆ సాయంత్రమే బస్సెక్కింది. ఊళ్లో తానే పిట్టకు పెట్టిందట. మమ్మల్ని రమ్మనలేదు. ఇప్పుడు కొడుకుతో ఫోన్లో మాట్లాడుతుంది, నాతో కాదు. ఒకసారి ఫోన్ లాక్కుని అడిగాను, "అత్తా, ఆ బావిల నీతోని మాట్లాడింది ఎవలే?" అని.



"నీకెందుకు? నీతోని మాట్లాడలే గద" అని పెట్టేసింది.