వంక పెట్టిన ఇల్లు

ఆదివారం వస్తే చాలు, కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. కాఫీ గ్లాసులు కడిగేలోపే "బయల్దేరదామా" అని మా ఆయన్ని మూడుసార్లు అడిగేదాన్ని. ఏడాదిన్నరగా ఇదే వరస. కానూరు అయింది, పోరంకి అయింది, గొల్లపూడి దాటి మైలవరం రోడ్డు కూడా అయింది. ఎక్కడ చూసినా రంగు జెండాలు, సిమెంటు ఆర్చి, ఆర్చి పక్కన టెంటు, టెంట్లో చల్లటి నీళ్ళ సీసాలు. నిన్నటిదాకా వరి పండిన నేలలో తెల్లరాళ్ళు పాతి, ఒక్కో రాయికీ అంకె వేసి, "ఇదిగో మేడమ్, ఇక్కడ మీ హాలు, ఇక్కడ మీ మాస్టర్ బెడ్‌రూమ్" అని గాల్లో చూపించేవాళ్ళు. గాల్లో ఇల్లు నాకొద్దు మొర్రో అంటే వినేవాళ్ళెవరు!

నాకేం కావాలో నాకు బాగా తెలుసు. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. ఇరవై నాలుగేళ్ళూ వన్ టౌన్‌లో మా బట్టల గోడౌను పైన మేడ మీదే కాపురం. వంటింటి కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్కవాళ్ళ గోడ. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకునే కూర తరగాలి. కింది నుంచి కొత్త గుడ్డ గంజి వాసన పైకి కొడుతూ ఉంటుంది. ఎంత ఇంగువ వేసినా దాన్ని మించింది లేదు. ఆకాశం చూడాలంటే డాబా ఎక్కాలి, అక్కడేమో నాలుగు వాటాల వాళ్ళ నీళ్ళ ట్యాంకులు. నాకు కావాల్సింది వెలుతురున్న వంటిల్లు, దానికి వెనక ఒక తలుపు. అంతే. బెడ్‌రూములు మూడా నాలుగా అన్నది మా ఆయన గొడవ.

అలాంటి ఇల్లు గన్నవరం దగ్గర కనపడింది. మెయిన్ రోడ్డు దిగి కాలవ వంతెన దాటితే కొత్త లేఅవుట్, రోడ్లు ఇంకా కంకరే. వరసగా ఒకే తీరు ఇళ్ళు, అన్నీ అమ్ముడైపోయి చివరిదొక్కటే మిగిలింది. కట్టినాయనే తాళం తీసి చూపించాడు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, చేతిలో రెండు ఫోన్లతో ఉన్నాడు.

హాలు చూశాను, బాగానే ఉంది. వంటింట్లో అడుగుపెట్టగానే కాళ్ళు ఆగిపోయాయి. గట్టుకి ఎదురుగా పెద్ద కిటికీ. పక్కన తలుపు తీస్తే అంట్లు తోముకునే చప్టా, దాని వెనక పిట్టగోడ, గోడకి అవతల మినప చేను. ఆ చేలోంచి గాలి తిన్నగా వచ్చి నా మొహానికి తగిలింది. కుళాయి కూడా బిగించని సింకు ముందు నిలబడి, ఇక్కడ నేను బియ్యం కడుగుతాను అనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు ఏడుపేమిటే పిచ్చిదానా అని నన్ను నేనే తిట్టుకుని, దుమ్ము పడ్డట్టు కొంగుతో తుడుచుకున్నాను.

ఎందుకంటే నా వెనక మా ఆయన ఉన్నారు, ఆయన వెనక అమ్మేవాడున్నాడు. మా బట్టల వ్యాపారం వాళ్ళకి ఒక నియమం ఉంది: కొనేవాడి మొహంలో ఆశ కనపడకూడదు. కనపడిందా, ధర ఇంక దిగదు. మా పుట్టింట్లోనూ బట్టల కొట్టే, పెడనలో. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. చిల్లర కొట్లవాళ్ళు సరుక్కి వస్తే, నచ్చిన చీరల కట్టని అసలు ముట్టుకోరు. పక్కదాన్ని విప్పిస్తారు. నచ్చినదాన్ని మోచేత్తో తోసి, "ఇదేంటండీ, అంచు ఇంత సన్నం, రంగు కూడా దిగేట్టుంది" అంటారు. ధర వినగానే లేస్తారు. చెప్పులు తొడుక్కోవడానికి అయిదు నిమిషాలు పడుతుంది ఆ మహానుభావులకి. రెండు మెట్లు దిగేసరికి పైనుంచి కేక వస్తుంది, "రండి రండి, ఎక్కడికండీ, టీ తాగి వెళ్ళండి" అని. ఆ కేక లేకుండా మా వీధిలో ఒక్క బేరమూ కుదరదు.

అందుకని నేనూ మొదలుపెట్టాను. "వంటిల్లు ఇంతేనా? అగ్గిపెట్టెలా ఉందే!" అన్నాను. అంటుంటే లోపల పాపం చేసినట్టే ఉంది. అయినా ఆగలేదు. "వెనక చేను కదా, సాయంత్రమైతే దోమలు పీక్కు తింటాయి. వానాకాలం పాములు కూడానూ." అప్పుడే ఒక విమానం నెత్తి మీంచి వెళ్ళింది. "ఇదొకటా! ఈ మోతలో కునుకు పడుతుందా మనిషికి?" మా ఆయన నా వంక చూశారు. నేను మూతి ముడిచాను. నా నటనకి నాకే ముచ్చటేసింది.

మా ఆయన ఒక ధర అడిగారు. కట్టినాయన చిన్నగా నవ్వి, "మేడమ్‌కి నచ్చినట్టు లేదు సార్" అన్నాడు. చెప్పులు తొడుక్కున్నాం. నేను కావాలనే మడమ దగ్గర పట్టీ రెండుసార్లు సర్దుకున్నాను. గేటు దాటాం, కారు తలుపు తీశాం. కేక రాలేదు. తిరిగి చూస్తే ఆయన టెంట్లో కూర్చున్న ఇంకో జంటని లోపలికి తీసుకెళుతున్నాడు. ఆ ఆవిడ గుమ్మంలోంచే "అబ్బ, ఎంత బాగుందో!" అని పైకే అనేసింది. అలా అంటే ఎవడైనా రూపాయి తగ్గిస్తాడా, వెర్రి తల్లీ, అని నేను నవ్వుకున్నాను కూడా.

ఇంటికి బయల్దేరాం. ఆయన లెక్క ఆయనకి ఉంటుంది, రెండ్రోజులు నానబెట్టి ఫోన్ చేస్తారు అనుకున్నాను. మా వ్యాపారంలో నానబెట్టడం మామూలే. సోమ, మంగళవారాలు నేను నిలబడలేను, కూర్చోలేను. గోడౌనులోంచి మీటరు కర్ర తెచ్చి ఫ్రిజ్ కొలిచాను. పప్పుల డబ్బాలన్నీ దించి, ఆ కిటికీ పక్క అరలో ఏవి పెట్టాలో వేరుచేసి, మళ్ళీ ఎక్కించాను. కింద ఫోన్ మోగితే చాలు, మెట్ల దాకా వచ్చి చెవి ఒగ్గేదాన్ని. ఎప్పుడూ ఎవరో సరుకు గురించే.

బుధవారం ఆయన భోజనానికి పైకి వచ్చారు. వంకాయ కూర వడ్డిస్తూ, ఇంక ఉండబట్టలేక అడిగాను.

"ఫోన్ చేశారా?"

"ఎవరికి?"

"అదేనండీ, గన్నవరం ఇంటాయనకి."

"ఎందుకు? నీకు నచ్చలేదుగా."

"నచ్చలేదని ఎవరన్నారు?" అన్నాను గరిటె గిన్నెలో పడేసి.

"అగ్గిపెట్టె అన్నావు. దోమలన్నావు, పాములన్నావు. మూతి ముడిచావు. నేనేమనుకోవాలి?"

"బేరానికండీ! బేరానికన్నాను! ఇన్నేళ్ళు కాపురం చేశారు, నా మొహం చూస్తే ఆపాటి తెలీదా మీకు?"

ఆయన ఎడం చేత్తో ఫోన్ తీసి, ఆ నంబరు నొక్కి స్పీకర్‌లో పెట్టారు. "అయ్యో సార్, ఆదివారమే అయిపోయిందండీ," అన్నాడు కట్టినాయన. "మీ వెనకాలే వచ్చినవాళ్ళు టోకెన్ అడ్వాన్సు ఇచ్చేశారు. మేడమ్‌కి నచ్చిందని ఒక్క మాట అనుంటే, మీకోసం ఓ గంట ఆపేవాణ్ణి కదా."

నా ఇల్లు పోయింది. నోటికొచ్చిందల్లా అన్నాను. ఆ ఊపులో ఎక్కడికో వెళ్ళిపోయాను. "మీ ఇంట్లో అందరికీ ఇదే బుద్ధి. నన్ను చూడ్డానికొచ్చినప్పుడు మీ నాన్నగారన్నవన్నీ తలుపు చాటునుంచి విన్నాను. పిల్ల చామనచాయ, కాస్త పొట్టి, చదువు ఇంటరేనా అని పెదవి విరిచి లేచారు. మా నాన్న వీధిలోకొచ్చి వెనక్కి పిలిచాడు. మీరు నోరు మెదపలేదు. వంకలున్న సరుకని తెలిసే తెచ్చుకున్నారు నన్ను!"

ఈ మాట ఇరవై నాలుగేళ్ళుగా నా కడుపులో ఉంది. ఎవరితోనూ అనలేదు, మా అమ్మతో కూడా. ఒక వంటింటి కోసం బయటికొచ్చేసింది.

ఆయన అన్నం కలపడం ఆపారు. "నోరు మెదపొద్దని మీ ఊరొచ్చేటప్పుడు బస్సులోనే చెప్పాడు నాన్న," అన్నారు మెల్లిగా. "ఆయన ఒక్కో వంక పెడుతుంటే నాకు గుండె దడ. మీ నాన్నగారికి ఒళ్ళు మండి, వెళ్ళండయ్యా అంటే నా గతేంటి అని. మీ నాన్నగారు పిలవకపోతే నేనే వెనక్కి వచ్చేసేవాణ్ణి."

"ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పడానికేం?"

"మొదట్లో సిగ్గేసింది. తర్వాత... నీకు తెలిసే ఉంటుందనుకున్నా."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇల్లు పోయినందుకు ఏడవాలో, ఇది విన్నందుకు ఏడవాలో తెలీలేదు. రెంటికీ ఏడుపొస్తోంది.

"మరి నువ్వో?" అన్నారు, నా వంక చూడకుండా. "నేను నచ్చానా నీకు అప్పుడు?"

"ఏం నచ్చడం లెండి," అనేసింది నా పాడు నోరు, అలవాటుగా. "మీ కంటే ముందు మీ ముక్కొచ్చింది గుమ్మంలోకి."

ఆయన నవ్వారు. నవ్వి, తలొంచుకుని మజ్జిగన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు. నమ్మేశారు. ఆదివారం కూడా సరిగ్గా ఇలాగే నమ్మి ఉంటారు.

నాకు భయమేసింది. ఎంగిలి చెయ్యి అని కూడా చూడకుండా ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"నచ్చారు," అన్నాను. "ఆ రోజే నచ్చారు. ఆ ముక్కుతో సహా."