బుధవారం పెట్టిన ఊరగాయ రొట్టె

మా ఇంట్లో ఏ శుభకార్యం వచ్చినా మా అమ్మ అన్నిటికంటే ముందు తెప్పించేది బిస్కెట్ పొట్లాలు. తర్వాత సోడాలు, అరటిపండ్లు. అవి మా బంధువులకు కాదు. నాయనతో బడిలో పనిచేసే పెద్దింటి పంతుళ్లకు, ఊళ్లోంచి వచ్చే రైతులకు. పిలిస్తే వాళ్లు తప్పకుండా వచ్చేవాళ్లు. కులాసాగా మాట్లాడేవాళ్లు, పిల్లల తలమీద చెయ్యిపెట్టి దీవించేవాళ్లు. కానీ మా పొయ్యి మీద ఉడికిందీ, మా అమ్మ చెయ్యి తగిలిందీ ఏదీ ముట్టేవాళ్లు కాదు. అంగట్లో అంటించిన పొట్లం, మూత బిగించిన సోడా, తొక్క ఉన్న పండు, వీటికి మాత్రం అంటు లేదు. మేం చర్చిలో చేరింది మా తాతల కాలంలో. మాకు దేవుడు మారాడు గానీ ఊళ్లో మా వీధి మారలేదు.

పెళ్లిలాంటి పెద్ద కార్యమైతే వాళ్లకోసం వేరే వంటమనిషిని పిలిపించి, వేరే పందిరి కింద వంట చేయించేవాళ్లు. ఆ గిన్నెల దగ్గరికి మా అమ్మ పోకూడదు. "వాళ్లు గడప తొక్కడమే గొప్ప, తినకుంటే ఏమాయ?" అనేది. నాకు ముక్కు మీదే కోపం. సోడా తాగి, "అంతా బాగా చేసినారమ్మా" అని మెచ్చుకుని లేచి పోతున్న వాళ్లను చూస్తే ఒళ్లు మండేది. ఏం తిన్నారని బాగుంది?

మా అమ్మ పెట్టే మామిడికాయ ఊరగాయ అంటే మా బంధువులంతా పడి చచ్చేవాళ్లు. కొత్తపల్లె నుంచి మా మేనత్త వచ్చిందంటే జాడీ ఖాళీ చేయకుండా బస్సెక్కేది కాదు. మరి పక్క వీధి పెద్దిళ్ల వాళ్లకు మాత్రం ఆ రుచి తెలియదు. వాళ్ల ఊరగాయ మాకు వచ్చేది, మాది వాళ్లకు పోయేది కాదు. ఊరగాయ ఎప్పుడూ పై నుంచి కిందికే దిగేది.

నేను నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు మా హాస్టల్ వార్డెనమ్మ ఒక పలహారం నేర్పింది. ఆమె వయసులో ఉన్నప్పుడు దొరసానుల వంటింట్లో పనిచేసిందట. వాళ్లకు టిన్నుల్లో క్రీమ్ చీజ్ అనేది వచ్చేదట. అది రానప్పుడు గేదె పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి కిటికీ చువ్వకు వేలాడదీసేవాళ్లు. నీళ్లన్నీ కారిపోయి గుడ్డలో మిగిలిన ముద్దకు ఉప్పు, కాస్త మీగడ కలిపితే వెన్నలాగా జారేది. దాన్ని బ్రెడ్డు మీద పూసి, పైన పుల్లనీళ్లలో ఊరిన దోసకాయ ముక్క పెట్టేవాళ్లు. మాకు ఆ దోసకాయ ఎక్కడిది? నేను నా పెట్టెలోని సీసా తీసి మా అమ్మ ఊరగాయ పెట్టాను. వార్డెనమ్మ ఒకటి తిని, మాట్లాడకుండా ఇంకొకటి తీసుకుంది.

డెబ్బైలు ముగిసేనాటికి నాకు ఆళ్లగడ్డలో ఉద్యోగం, పెళ్లి, ఒక కూతురు. మా ఆయన చాగలమర్రి బడిలో పంతులు, రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. నాయన పోయాక మా అమ్మ తన జాడీలతో సహా మా దగ్గరికి వచ్చేసింది. మా బడిలో నా పక్క తరగతి చెప్పే టీచరు ఒకామె ఉండేది. పెద్ద రైతుల ఇంటి కోడలు, నాకంటే కొంచెం పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను "మే" అని పిలిచేది. మనసులో ఏదుంటే అది నోట్లోకి వచ్చే మనిషి. నాకు కాన్పు కష్టమైనప్పుడు ఆస్పత్రిలో నా కాళ్ల దగ్గర కూర్చున్నది ఆమే. ఆమె అంటే నాకు ప్రాణం.

మధ్యాహ్నం ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని క్యారియర్లు విప్పేవాళ్లం. ఆమె తన ఊరగాయ నాకు వేసేది. నేను నాది వేయబోతే "వద్దు మే, కడుపు నిండింది" అనేది. మొదట్లో నేను నమ్మాను. రోజూ కడుపు నిండుతూనే ఉంటే ఎంతకాలం నమ్మేది? పంతుళ్లు, రైతులు తినకపోతే తినకపోయారు. ఈమె తినకపోతే మాత్రం నేను ఊరుకోదలచుకోలేదు. మా అమ్మ ఊరగాయ ఈమె నోట్లో పడాలి, అదీ మా ఇంట్లో, నలుగురి ముందర. నాకు పట్టుదల వచ్చింది.

కూతురి మొదటి పుట్టినరోజుకు వార్డెనమ్మ పలహారం చేస్తానన్నాను. "బిస్కెట్లు తెప్పించల్ల కదా?" అంది మా అమ్మ.

"ఈసారి బిస్కెట్ ఇంట్లోకి రాకూడదు. సోడా రాకూడదు. ఉన్నది తింటారు, లేకుంటే ఆకలితో పోతారు."

"ఏందీ పంతం నీది?" అన్నాడు ఆయన. "హెడ్‌మాస్టరును పస్తు పంపుతావా?" నేను బ్రెడ్డుకు డబ్బులు తీసి చేతిలో పెట్టాను. ఆయన చొక్కా వేసుకుని బజారుకు పోయాడు.

మొదటిసారి అన్నీ తప్పులే. పెరుగు కట్టడానికి కొత్త గుడ్డ వాడాను, గంజి వాసన పట్టింది. ఊరగాయ నూనెతో సహా పూస్తే బ్రెడ్డంతా నానిపోయింది. అంతకంటే పెద్ద తప్పు బ్రెడ్డు పెట్టడమే. మా పక్క బ్రెడ్డు అంటే జ్వరం వచ్చినవాళ్లు పాలలో అద్దుకు తినేది. మా బంధువుల్లో ఒక ముసలామె ప్లేటు చూసి గాభరాగా "ఎవురికి జరం?" అని అడిగింది. నా స్నేహితురాలు పాపకు గౌను తెచ్చింది, ఎత్తుకుని ముద్దాడింది. ప్లేటు ముందు పెడితే చేతులు జోడించింది.

"ఈ పొద్దు శనివారం మే. ఎంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు."

సరే, దేవుడి మాట. ప్లేటు వెనక్కి తీసుకున్నాను.

తర్వాత నేను పలహారాన్ని దారిలో పెట్టాను. బ్రెడ్డు మానేసి జొన్నరొట్టె పట్టుకున్నాను. పిండి వీలైనంత పల్చగా తట్టి, పెనం మీద కాల్చి, మళ్లీ సన్న నిప్పుల మీద కరకరలాడే దాకా ఎండనివ్వాలి. తర్వాత అరచేతిలో పట్టేంత ముక్కలుగా విరవాలి. పెరుగు మూటకు ఉతికి ఉతికి మెత్తబడిన ఆయన పాత పంచె ముక్క వాడాను. నీళ్లు దిగాక ముద్దను గిన్నెలో వేసి, దాన్ని నాపరాళ్ల నేల మీద తడిగుడ్డ చుట్టి పెడితే వేసవిలో కూడా పులవదు. ఊరగాయ ముక్కను పిండి, నూనె వార్చి, టెంకపెంకు తీసేసి కత్తితో సన్నగా తరగాలి. ముందే పూసి పెట్టుకుంటే రొట్టె మెత్తబడుతుంది, మనిషి కూర్చున్నాక అప్పటికప్పుడు పూయాలి. ఇంతే, ఇంతకంటే సులువైన పలహారం లేదు. తినిపించడమే కష్టం.

క్రిస్మస్‌కు మా ఇంట్లో టీ అన్నాను. గురువారం వచ్చింది. "గురువారం రాఘవేంద్రస్వామికి మే, ఏమీ ముట్టను" అంది ఆమె. మా ఆయన తమ్ముడికి ఉద్యోగం వచ్చినప్పుడు సోమవారం పిలిచాను. శివుడు అడ్డం వచ్చాడు. పెళ్లిరోజుకు శుక్రవారం, లక్ష్మీదేవి. అత్తగారి ఊరి నుంచి బంధువులు దిగినప్పుడు మంగళవారం, ఆంజనేయస్వామి. ఆమె అబద్ధమాడిందని నేను అనను, నిజంగానే ఉపవాసాలు ఉండేదేమో. కానీ ఇంతమంది దేవుళ్లు నా ఒక్క ప్లేటు మీదే ఎందుకు పగబట్టాలి? ఆదివారం నేనే పిలవలేదు. ఆ రోజు ఆమె తన ఊరికి పోయేది.

ఎన్నిసార్లు వచ్చినా వట్టి చేతులతో వచ్చేది కాదు. తన ఇంటి ఊరగాయ సీసా ఒకటి మా అమ్మ చేతిలో పెట్టేది. మా అమ్మ రెండు చేతులతో అందుకుని, "మీ అసుమంటోళ్లు ఇస్తే ఎట్లా కాదంటాము తల్లీ" అని లోపలికి పోయేది. మళ్లీ ఆమె పోయేదాకా వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

పాప రెండో పుట్టినరోజు దగ్గరికి వచ్చేసరికి నేను లెక్క తేల్చుకున్నాను. వారంలో ఏ దేవుడూ సొంతం చేసుకోని రోజు బుధవారం ఒకటే. పుట్టినరోజు ఆ వారం మొదట్లోనే పడింది. అయినా పండగ బుధవారం సాయంత్రం, బడి వదిలాక అని అందరికీ చెప్పాను.

"పుట్టిన రోజు పుట్టిన రోజే చేస్తారు గానీ, ఎవరన్నా బుధవారానికి వాయిదా ఏస్తారా?" అన్నాడు ఆయన.

"నేను ఏస్తా."

మా అమ్మకు నా ఉద్దేశం అర్థమైంది. మెల్లగా ఒక ఉపాయం చెప్పింది. "ఆయమ్మ తెచ్చిన సీసా ఉంది కదా, అదే పూసి పెడదాం. వాళ్లింటి ఊరగాయే గాబట్టి తినేకి ఇబ్బంది ఉండదు. నువ్వు సంతోషపడతావు, ఆయమ్మకు అడ్డం ఉండదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో బాధ లేదు. తన ఊరగాయను తానే పక్కకు జరపడం ఆమెకు అంత అలవాటు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. "నీ ఊరగాయ లేకుండా నా ప్లేటు బయటికి రాదు" అన్నాను. పై అలమారాలో ఉన్న జాడీ నేనే దించాను.

ఆ సాయంత్రం మా ముందు గదిలో బడి టీచర్లందరూ కూర్చున్నారు. సగంమంది పెద్దిళ్ల వాళ్లే. బిస్కెట్లు ఎప్పుడొస్తాయా అని గడప వైపు చూస్తున్నారు. నేను గది మధ్యలో చాప వేసుకుని అక్కడే రొట్టె ముక్కల మీద పెరుగుముద్ద పూస్తూ, ఊరగాయ పెడుతూ అందిస్తున్నాను. మా చర్చివాళ్లు తింటున్నారు. మిగతావాళ్లు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. నా స్నేహితురాలు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది. ఆమె ముందుకు పోయి నిలబడ్డాను.

"అక్కా, ఈ పొద్దు బుధవారం."

"తెలుసు మే" అంది. "వారమంతా తిరిగి వచ్చినావు."

"ఇది మా అమ్మ పెట్టిన ఊరగాయ. ఇష్టముంటే తిను. లేకుంటే తినను అని నాతో చెప్పు. ఏ దేవున్నీ మాత్రం అడ్డం పెట్టొద్దు."

ఆయన దగ్గాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె నా ముఖం చూసింది, తనవైపే చూస్తున్న మిగతా టీచర్లను చూసింది. ఆమె తింటే ఆ మాట తెల్లారేసరికి అత్తగారింటికి చేరుతుందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఆ క్షణం నాకు భయమేసింది. కాదంటే ఈ మనిషిని నేను పోగొట్టుకుంటాను. రేపటి నుంచి అదే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఎట్లా తినేది?

ఆమె పాపను కిందికి దించింది. ప్లేటులోంచి ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. రొట్టె పటపటమని విరిగిన చప్పుడు గదంతా వినబడింది. నిదానంగా నమిలి మింగింది. తర్వాత మొహం చిట్లించింది.

"మెంతిపిండి ఎక్కువైంది మే. చేదు కొడతాంది."

మా ఇంట్లో మా ఊరగాయకు వంక పెట్టిన పెద్దింటి మనిషి అంతవరకు ఒక్కరూ లేరు. తినని వాళ్లు వంక ఎట్లా పెడతారు? నాకు నవ్వు వస్తోంది, కళ్లలో నీళ్లు వస్తున్నాయి. ఏదో ఒకటి అనేలోపు వంటింటి వైపు నుంచి గొంతు వినబడింది.

"చేదా? యాడుందమ్మా చేదు?"

మా అమ్మ జాడీ చంకన పెట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. "మెంతులు ఏంచేటప్పుడు పెనం కాడ నేనే కూచుంటా. మచ్చుకు ఒక గింజ మాడదు. నీకు పైముక్క వచ్చింటుంది. ఇదో, అడుగు ముక్క తిని చెప్పు." జాడీలో చెయ్యి పెట్టి ముక్క తీసి, తన వేళ్లతోనే నలిపి, రొట్టె మీద పూసి ఆమె అరచేతిలో పెట్టింది.

ఆమె అదీ తినింది. "ఇది రవంత మేలు పెద్దమ్మా. అయినా చేదే."

"నీ నాలికే చేదు!" అంది మా అమ్మ. "మీ ఇంట్లోది తిన్లేదా నేను? ఉప్పు చాలక బూజు పడతాది మీ ఊరగాయ. ఇన్నేండ్లు నోరు మూసుకుని తిన్యా!"

ఆ ఇళ్లవాళ్ల ముందు మా అమ్మ ఎదురు మాట అనడం నేను పుట్టి ఎరగను. నడుం మీద చెయ్యి పెట్టుకుని అమ్మ గది మధ్యలో నిలబడి ఉప్పు గురించి, మెంతుల గురించి కొట్లాడుతూ ఉంటే, నా స్నేహితురాలు వేళ్లు నాక్కుంటూ జవాబులు చెబుతూ ఉంటే, నేను ప్లేటు పట్టుకుని అట్లే నిలబడిపోయాను.