ఒక్కరోజు అగ్రిమెంటు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో తెలుగు చర్చికి వెళ్ళేవాళ్ళలో ఎవరినైనా అడగండి, దెబోరక్క తెలియనివాళ్ళు ఉండరు. ఆవిడ కారెక్కి శనివారాలు ఇళ్ళు చూడని కుటుంబమూ ఉండదు. ఆవిడ ద్వారా ఇల్లు కొన్నవాళ్ళు ఎవరంటే మాత్రం, పాపం, కాస్త వెతకాలి.

బాపట్లలో మిషన్ బడిలో సైన్సు చెప్పిన మనిషి. భర్త సత్యానందం ఉద్యోగం వెంట టెక్సస్ వచ్చి, పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక పరీక్ష రాసి రియల్ ఎస్టేట్ లైసెన్సు తెచ్చుకుంది. ఆవిడకి ఇళ్ళంటే పిచ్చి. ఏ ఇంట్లో పొద్దుటి ఎండ వంటింట్లోకి వస్తుందో, ఏ స్కూలు హద్దు ఏ వీధితో ఆగిపోతుందో అడిగితే తడుముకోకుండా చెప్పేది. శనివారం వచ్చిందంటే పులిహోర డబ్బాలో సర్దుకుని, మంచినీళ్ళ సీసాలు కార్లో పడేసుకుని బయల్దేరేది. చూసినవాళ్ళందరూ, అక్కా మీరు లేకపోతే మేమేమైపోయేవాళ్ళం అనేవారు. నెల తిరిగేసరికి గృహప్రవేశ ప్రార్థనకి పిలుపు వచ్చేది. ఇల్లు ఎవరి ద్వారా కొన్నారయ్యా అంటే, కమిషన్లో కొంత వెనక్కిస్తానన్న బావమరిది స్నేహితుడి ద్వారా. సిగ్గుండాలి కదా మనిషన్నాక! వాళ్ళకి లేదు. పోనీ ఈవిడకి కోపమైనా రావాలి కదా, అదీ రాదు. బహుమతి పట్టుకుని వెళ్ళి, ఆ ఇంటి మీద దీవెనలు కుమ్మరించమని అందరికంటే గట్టిగా ప్రార్థన చేసి, భోంచేసి వచ్చేది. తిరుగుదారిలో మాత్రం కార్లో మాట్లాడేది కాదు.

"నీది వ్యాపారం కాదు దెబోరా, పరిచర్య," అనేవాడు సత్యానందం. "ఒక్క సంతకంతో పోయేదానికి ఎందుకీ అవస్థ? అడగందే అమ్మయినా పెట్టదు."

ఆ సంతకం దగ్గరే వచ్చింది చిక్కంతా. ఇల్లు కొనేవాళ్ళూ ఏజెంటూ ముందుగా రాసుకునే ఒప్పందం ఒకటుంది. ఇన్ని నెలలపాటు మీతోనే తిరుగుతాం, కొంటే మీ ద్వారానే కొంటాం అని కొనేవాళ్ళు మాటిస్తారు. మీ మేలు కోరే పనిచేస్తాను అని ఏజెంటు మాటిస్తాడు. ఎక్స్‌క్లూజివ్ అగ్రిమెంటు అంటారు దాన్ని. మిగతా ఏజెంట్లు పరిచయమైన పూటే రాయించుకునేవాళ్ళు. దెబోరక్కకి మాత్రం నోరు పెగిలేది కాదు. ప్రభువు బల్ల దగ్గర తన పక్కన నిలబడి రొట్టె తీసుకున్నవాళ్ళని సంతకం పెట్టమనడమంటే, నిన్ను నమ్మను పో అని మొహాన చెప్పడమేనని ఆవిడ ఉద్దేశం.

అలా ఉండగా రెండువేల ఇరవై నాలుగు ఆగస్టులో పద్ధతి మారింది. రాతకోతలు లేకుండా ఏజెంట్లు ఎవరినీ ఇళ్ళు చూడ్డానికి తీసుకెళ్ళకూడదన్నారు. సత్యానందం సంబరపడిపోయాడు, ఇక అడగక చస్తుందా అని. ఈవిడ ఏం చేసిందో చూడండి. కాగితం ఉండాలన్నారు గానీ ఎన్నాళ్ళకి ఉండాలో అనలేదు. ఎక్స్‌క్లూజివ్ అయి తీరాలనీ అనలేదు. ఆ మాట తెలిసేసరికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ప్రతి శనివారం పొద్దున్నే ఆ ఒక్కరోజుకే చెల్లే అగ్రిమెంటు ఫోన్‌కి పంపేది. సాయంత్రానికి దాని ఆయుష్షు తీరిపోయేది. ఊరికే ఫార్మాలిటీ అమ్మా, మీకేం కట్టుబాటు లేదు, రేపు మీ ఇష్టం వచ్చినవాళ్ళతో వెళ్ళండి అని తనే పదిసార్లు చెప్పేది. వాళ్ళూ చక్కగా అలాగే వెళ్ళేవారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరి.

అప్పుడొచ్చారు కెన్నీ, ఎలీనా. అతనిది చీరాల, అమ్మాయిది రాజమండ్రి. అతను చర్చి పాటల బృందంలో గిటారు వాయిస్తాడు, ఆ అమ్మాయి పాడుతుంది. ఎలీనా కడుపుతో ఉంది, అపార్ట్‌మెంటు లీజు కూడా చివరికొచ్చింది. బిడ్డ పుట్టేలోగా సొంతింట్లో ఉండాలని వాళ్ళ ఆశ. దెబోరక్కకి వాళ్ళని చూస్తే సొంత కూతుర్నీ అల్లుణ్ణీ చూసినట్టుండేది. మొదటి శనివారమే భర్తతో తెగేసి చెప్పింది, వీళ్ళు కూడా చెయ్యిజారిపోతే లైసెన్సు వదిలేసి డేకేర్‌లో ఉద్యోగం చూసుకుంటానని. ఆ మాటకి సత్యానందం ఎప్పట్లా వేళాకోళం చేయలేదు. జనాన్ని వెంటేసుకుని ఇళ్ళు చూపించకపోతే ఆ మనిషికి అన్నం సహించదని ఆయనకి తెలుసు.

వారం వారం తిరిగారు. ప్రతి ఇల్లూ ఆవిడ నోట బంగారమే. ఇరుకు గది కనబడితే ముద్దుగా ఉందనేది. పక్కనే హైవే హోరెత్తుతుంటే ఆఫీసుకి దగ్గరనేది. కాదంటే నొచ్చుకుంటారేమో, పైవారం రారేమోనని ఒకటే భయం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఉషా వచ్చి పక్కన కూర్చుంది. ఊళ్ళో కబుర్లన్నీ మోసే మనిషి. నిన్న సాయంత్రం కెన్నీ వాళ్ళు ఒక ఇంటి ముందు శ్యామ్‌సుందర్‌తో మాట్లాడుతుంటే చూశానని చెవిన వేసింది. శ్యామ్‌సుందర్ కూడా ఏజెంటే, రాళ్ళకైనా ఇల్లు అమ్మగల మాటకారి. దెబోరక్క చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. నిన్న మధ్యాహ్నం దాకా తన పులిహోర తిని, సాయంత్రానికి అక్కడ తేలారన్నమాట. సోమవారం డేకేర్‌కి ఫోన్ చేసి ఖాళీ ఉందా అని కనుక్కుంది. ఉందన్నారు. అయినా వచ్చే శనివారం పక్క ఊరు కాపెల్‌లో ఒక ఇల్లు చూపిస్తానని మాటిచ్చి ఉంది, మాట తప్పడం ఆవిడ ఇంటా వంటా లేదు. ఆ రోజు పొద్దున యథాప్రకారం ఒక్కరోజు కాగితం పంపి, పులిహోర కలుపుకుని వెళ్ళింది.

పాత ఇల్లే గానీ దిట్టంగా కనిపిస్తోంది. కెన్నీ గుమ్మంలోనే మనసు పారేసుకున్నాడు. గిటారు ఎక్కడ, ఉయ్యాల ఎక్కడ అని గదులన్నీ కొలుస్తున్నాడు. ఎలీనా మాత్రం వంటింటి గట్టుకి ఆనుకుని ఫోన్‌లో ఆ కాగితం వంకే చూస్తోంది. చూసి చూసి తలెత్తింది.

"అక్కా, మేమంటే మీకు ఇష్టం లేదా?"

దెబోరక్క తెల్లబోయింది.

"ఎప్పుడు చూసినా ఒక్కరోజుకే రాస్తారు. ఈవెనింగ్ అయితే మీరెవరో మేమెవరో అన్నట్టు. పోయిన శనివారం ఈవెనింగ్ ఒక ఇంటి ముందు, ఎవరైనా వచ్చి చూడొచ్చని ఓపెన్ హౌస్ బోర్డు కనబడితే ఆగాం, అక్కడ శ్యామ్‌సుందర్ అంకుల్ ఉన్నారు. ఆరు నెలలకి సైన్ చేయండి, అంతా నేను చూసుకుంటా అన్నారు. మాకు దెబోరక్క ఉందని చెప్పి వచ్చేశాం." ఎలీనా ఫోన్ గట్టు మీద పెట్టేసింది. "కారెక్కాక కెన్నీ అన్నాడు, మనమే అలా అనుకుంటున్నామేమో, అక్క అనుకోవట్లేదేమో అని. ఇంటికెళ్ళేదాకా ఏడుస్తూనే ఉన్నానక్కా."

దెబోరక్క గబగబా గట్టు దగ్గరికి వెళ్ళింది. కట్టిపడేయకపోవడమే మర్యాద అనుకుంది ఇన్నాళ్ళూ. ఎదుటివాళ్ళకి అది పొమ్మన్నట్టు వినబడుతోందని కలలో కూడా తోచలేదు. ఇంతకుముందు వెళ్ళిపోయినవాళ్ళలోనూ ఎంతమంది ఇలాగే చిన్నబుచ్చుకుని వెళ్ళారో! ఓసి పిచ్చిపిల్లా అని ఎలీనాని దగ్గరకి లాక్కుని, ఉన్నదున్నట్టు చెప్పేసింది. సంతకం అడగడానికి సిగ్గేసిందనీ, అడిగితే దూరమైపోతారని భయపడ్డాననీ, ఈ వారమంతా వాళ్ళని పోగొట్టుకున్నాననే అనుకున్నాననీ. చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. చప్పుడు విని వచ్చిన కెన్నీ ఇద్దరి మొహాలూ చూసి హడలిపోయాడు. సంగతి తెలిశాక, అయితే ఇంకేం, బేబీ పుట్టేదాకా రాసేయండక్కా, ఎక్స్‌క్లూజివ్ అని పెద్దక్షరాలతో రాయండి అన్నాడు. ఆ వంటింట్లోనే నిలబడి రాసుకున్నారు. ముగ్గురూ ఫోన్ల మీద వేలితో సంతకాలు గీశారు. దెబోరక్కకి నెత్తిన పాలు పోసినట్టయింది.

"ఇక ఈ ఇంటికి ఆఫర్ పెట్టేద్దాం అక్కా," అన్నాడు కెన్నీ.

ఆవిడ ఫోన్ సంచిలో పెట్టుకుంది. వాళ్ళ మేలు కోరి పనిచేస్తానన్న మాట కింద తన సంతకమూ ఉంది మరి.

"వద్దు," అంది.

లైసెన్సు తీసుకున్నాక ఆ మాట అనడం అదే మొదలు. పడగ్గది దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. తలుపు మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా పాకిన పగులు, దాని మీద కొత్త రంగు. తలుపు మూస్తే గడియ పడటం లేదు. ఇక్కడి బంకమట్టి ఎండకి కుంచించుకుపోయి వానకి ఉబ్బుతుంది, పునాది కదిలినట్టుంది, నా పిల్లలైతే కొననివ్వను అని చెప్పింది. కెన్నీ మొహం వాడిపోయింది. అయిపోయింది, సంతకం పెట్టి పావుగంట కాలేదు, అప్పుడే చెడగొట్టుకున్నాను అనుకుంది ఆవిడ. ఎలీనా నడుం మీద చెయ్యేసుకుని, మరి ఇన్నాళ్ళూ చూసిన ఇళ్ళ సంగతేంటక్కా, అవన్నీ బాగున్నాయన్నారు కదా అని నిలదీసింది.

ఇక దాపరికమెందుకని దెబోరక్క మొదలుపెట్టింది. ముద్దుగా ఉందన్న గదిలో మంచం వేస్తే మనిషి గోడకి అతుక్కుని నడవాలంది. ఆఫీసుకి దగ్గరన్న ఇంట్లో లారీల హోరుకి పుట్టిన బిడ్డ పెళ్ళీడు దాకా నిద్రపోదంది. ఒక్కో ఇంటినీ చెరిగేస్తుంటే కెన్నీ నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడ్డాడు. ఇక నవ్వించకండక్కా, లోపల బేబీ తంతోంది అని ఎలీనా చేతులు జోడించింది. పులిహోర అక్కడ తినకూడదు కాబట్టి కార్లో కూర్చుని తిన్నారు. సాయంత్రం దెబోరక్క డేకేర్‌కి ఫోన్ చేసి, రానని చెప్పేసింది.

ఆ తర్వాత మూడు ఇళ్ళు వద్దంది. నాలుగోదాన్ని చుట్టూ తిరిగి, ప్రతి తలుపూ మూసి తెరిచి, తీసుకోండి అంది. ఫ్రిస్కోలో చిన్న ఇల్లే, కానీ గట్టిది. బిడ్డని హాస్పిటల్ నుంచి నేరుగా ఆ ఇంటికే తెచ్చుకున్నారు.

ప్రార్థన పెట్టుకున్న రోజు ఇల్లంతా జనం. దెబోరక్క పాపని ఎత్తుకుని గదులన్నీ తిప్పుతుంటే ఉషా వచ్చి, మా తమ్ముడు డాలస్ వస్తున్నాడక్కా, వచ్చే శనివారం ఊరికే రెండు ఇళ్ళు చూపించరాదూ అంది. ఆవిడ సరేనని, ముందు అగ్రిమెంటు పంపుతాను, ఆరు నెలలకి సంతకం పెట్టమను అంది.

ఉషా నొచ్చుకుంది. "మనలో మనకి ఇవన్నీ ఎందుకక్కా?"

"మనలో మనకి కాబట్టే ఆరు నెలలు," అంది దెబోరక్క, పాపని ఆ భుజం మీంచి ఈ భుజం మీదకి మార్చుకుంటూ. "ముక్కూ మొహం తెలియనివాడైతే ఒక్కరోజుకే రాసేదాన్ని."